కాళ్ళు చాపుకునే చోటు

నమోదు 1. ఆదివారం, గోడ జరిగాక

వార్డు కార్యదర్శి అయినవాళ్ళు ఏ రోజు సంగతులు ఆ రోజు నమోదు చేయాలని మా పార్టీలో ఒక నియమం ఉంది. మా పార్టీకి కోరిక ఒకటే గానీ నియమాలు మాత్రం బోలెడు. సరే, మొదలుపెడుతున్నాను. నా పేరు దాలమ్మ. ఊరు ఎత్తురేవు, రెండో శిఖరం, ఏడో అంతస్తు. పార్టీ పేరు గోడ ఆగాలి పార్టీ. గుర్తు మేకు. మేకంటే ఏమిటని కుర్రకారు అడుగుతున్నారు. గోడలు కదలని కాలంలో వాటికి మేకులు కొట్టి పటాలు తగిలించుకునేవారని చెబితే నవ్వుతున్నారు.

ఈ సాయంత్రం గంట మోగింది, పడమటి గోడ మళ్ళీ లోపలికి వచ్చింది. పక్కింటివాళ్ళు ఈ వారం అద్దె వేలంపాటలో మాకంటే ఎక్కువ పాడారు. అన్నం వారుస్తున్నదాన్ని గిన్నెతో సహా తూర్పుకి జరిగి అక్కడే వార్చాను. అలవాటే. మా ఆయన అప్పలకొండ మాత్రం మడత మంచం తెరవబోయి ఆగిపోయాడు. మంచం ఇక తెరుచుకోదు. ఆయన ఈ అంతస్తు మొత్తానికీ పొడగరి. నేలమీద పడుకుంటే ఈ గోడకి తల, ఆ గోడకి మడమలు ఆనుతున్నాయి.

"ముడుసుకుని తొంగుంటాన్లే" అన్నాడు. అనడం ఇప్పుడేమిటి, ఏడాదిగా ఆ మనిషి మంచం మీదా పడుకునేది అలాగే. గోడ తగిలితే నిద్ర పట్టదట.

మీటింగు అచ్చియ్యమ్మ పిన్ని ఇంట్లో పెట్టాం. మా వరసలో చివరి ఇల్లు ఆమెదే. నీళ్ళు నాలుగో అంతస్తు దాకా ఉన్నాయి కాబట్టి రేవు అక్కడే, పడవలు ఆగే ఆ చోట ఇడ్లీలు అమ్ముతుంది. మా అభ్యర్థి కూడా ఆమే. ఇంట్లో పట్టింది కొందరే, మిగతావాళ్ళు నడవాలో నిలబడ్డారు. కాపలావాడు వచ్చి నడవాలో గుంపులు కూడదని తరిమేశాడు. సగం ఉపన్యాసంలో పార్టీ సగం ఇంటికి పోయింది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి, మనుషులు కూర్చోవడానికి చోటు లేదు. చోటు కోసం పెట్టిన పార్టీకి పట్టిన గతి ఇది.

నమోదు 2. మంగళవారం

ఉపాయం గౌరునాయుడు చెప్పాడు. ఆయన మా కోశాధికారి. కోశంలో ఏమీ ఉండదు కాబట్టి ఆయనకు ఆలోచించడానికి తీరిక ఎక్కువ.

మా వరసలో పెళ్ళయినా పురుడయినా ఒక పద్ధతి ఉంది. ఆ ఇంటికి మిగతా ఇళ్ళవాళ్ళు తలా జానెడు చోటు ఇస్తారు. ఒక్కో గోడా జానెడు జరుగుతూ పోతే చివర పెళ్ళివారింట్లో పందిరంత చోటు తేలుతుంది. శుభకార్యం కాగానే ఎవరి జానెడు వాళ్ళు వెనక్కి తీసుకుంటారు. నా పెళ్ళికీ అలాగే ఇచ్చారు. ఎవరూ రాతకోతలు అడగలేదు, ఎవరూ ఎగ్గొట్టలేదు.

ఎన్నిక కూడా పెళ్ళిలాంటిదే కదా, పార్టీకి తలా జానెడు ఇద్దాం, పోలింగు కాగానే పుచ్చుకుందాం అన్నాడు గౌరునాయుడు. ఇంత మంచి ఉపాయం ఇన్నాళ్ళూ తట్టనందుకు అందరం సిగ్గుపడ్డాం. చిన్నప్పటినుంచీ చేస్తున్న పనే కాబట్టి వద్దనడానికి ఒక్కరికీ కారణం దొరకలేదు. నాకూ దొరకలేదు.

ఇవాళే ఇచ్చేశాం. గోడలు జరిపే సర్దుబాటు యంత్రం ప్రతి గుమ్మంలోనూ అదే మాట అడిగింది. ఇస్తున్నది మీ ఇష్టంతోనేనా? ఇష్టంతోనే అని అందరం గట్టిగా చెప్పాం. గోడలు ఒకదాని వెనక ఒకటి జరుగుతుంటే పిల్లలు వాటితోపాటు నడిచారు.

నమోదు 3. గురువారం

హాలు! రాసుకోవడానికే ఆనందంగా ఉంది. అచ్చియ్యమ్మ పిన్ని ఇల్లు ఇప్పుడు ఈ గుమ్మం నుంచి ఆ కిటికీ దాకా నడవాల్సినంత ఉంది. వచ్చినవాళ్ళు ముందు చేతులు బార్లా చాపి చూస్తున్నారు, ఏమీ తగలకపోతే వాళ్ళకే నవ్వొస్తోంది. గౌరునాయుడి భార్య ఒక మూల నుంచి ఇంకో మూలకి ఊరికే నాలుగైదుసార్లు తిరిగి వెళ్ళిపోయింది. పక్క శిఖరం నుంచి కూడా జనం వస్తున్నారు. కొత్త సభ్యులు ఎంతమంది చేరారో నాకే గుర్తుండడం లేదు.

పిన్ని ఉపన్యాసం ఎప్పుడూ ఒకటే. "నానేటీ పెద్దగా అడగట్లేదు బావూ. గోడ ఆగాల. అంతే. ఆగినాక ఇంకేటి గావాలో అప్పుడు ఆలోసించుకుందాం." అదే మాటకి ప్రతిసారీ చప్పట్లు పడతాయి.

ఇంట్లో మాత్రం ఇరుకు పెరిగింది. మా ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పడుకుంటున్నాడు. పోలింగు దాకానే కదా అంటున్నాడు. నేనూ అదే అంటున్నాను.

నమోదు 4. శనివారం

ఇవాళ రెండు సంగతులు. మొదటిదే ముందు రాస్తాను.

మేము ఎప్పుడో ఎన్నికల కార్యాలయానికి ఒక అర్జీ పెట్టుకున్నాం. పోలింగు ముందు గోడలు జరిపి ఓటర్లను చెదరగొడుతున్నారు, కాబట్టి ఎన్నికలయ్యేదాకా గోడలు కదపకండి అని. జవాబు రాలేదు, వస్తుందనీ అనుకోలేదు. ఈ పొద్దున గోడల్లోంచి కబురు వినిపించింది. అర్జీ మంజూరైంది. పోలింగు ముగిసేదాకా పట్నంలో ఏ గోడా, ఎవరి కోసమూ, అంగుళం కదలదు.

గోడ ఆగింది! ఎన్నిక రాకముందే మా పార్టీ గెలిచినట్టయింది. హాల్లో గెంతులు వేశాం. పిన్ని రేవులో ఇడ్లీలన్నీ ఊరికే పంచేసింది. నేను ఏడ్చాను కూడా. పుట్టి బుద్ధెరిగాక గోడ ఆగడం చూడలేదు మరి.

సాయంత్రానికి రెండో కబురు వచ్చింది. గోడలు ఆగాయి కాబట్టి ఇవాళ్టి కొలతలే ఓటర్ల కొలతలు. ఇంట్లో ఉండే మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగితేనే అది ఇల్లు. పడుకోలేకపోతే అది సామాను గది. సామాను గదిలో నివాసులుండరు. నివాసం లేనివాళ్ళకు ఓటుండదు, వాళ్ళు వారంలోగా శిఖరం దిగి బయటి పడవల్లోకి పోవాలి.

ఆ నియమం కొత్తదేమీ కాదు, అందరికీ తెలిసిందే. జానెడు ఇచ్చినప్పుడు ఒక్కరికీ గుర్తు రాలేదు. పెళ్ళికి ఇచ్చినప్పుడు ఎవరూ ఎన్నికల కొలత తీయలేదు కదా.

ముందు మా ఇంటి గోడ మాట్లాడింది. "అప్పలకొండ, దాలమ్మ. ఇది సామాను గది." మా ఆయన గోడకేసి చూస్తూ, నానూ సామానేనా అని మెల్లిగా అడిగాడు. గోడ పక్కింటివాళ్ళ పేర్లకి పోయింది. నడవాలోకి వచ్చి చూస్తే ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు మాలాగే బయటికి వచ్చి నిలబడి ఉన్నారు. వరస మొత్తం సామాను గదులే. పార్టీకి ఓటేసే వాళ్ళందరమూ, మా చేత్తో మేమే, ఇష్టంతోనే అని గట్టిగా చెప్పి మరీ, ఓట్లు తీసి హాలు కట్టుకున్నాం.

నమోదు 5. ఆదివారం, గంట మోగలేదు

ఎన్నికల కార్యాలయానికి పోయాం. కిటికీలో ఉన్న ఉద్యోగి మంచివాడే, మమ్మల్ని కూర్చోమన్నాడు. మా జానెళ్ళు మేం వెనక్కి తీసుకుంటాం బాబూ అంటే, గోడలు కదలకూడదని ఉత్తర్వు అన్నాడు. ఆ ఉత్తర్వు అడిగింది మేమే, వద్దని మేమే చెబుతున్నాం అంటే, ఉత్తర్వు మీ ఒక్కరికోసం ఇచ్చింది కాదన్నాడు. మేము కట్టుకున్న కంచె అంత బలంగా ఉందని అప్పుడు తెలిసింది.

తిరిగొస్తూ రేవు దగ్గర ఆగాం. బయటి పడవలు అక్కడినుంచి కనిపిస్తాయి. ఒకదానికొకటి తాళ్ళతో కట్టి, పైన టార్పాలిన్ పట్టాలు కప్పి ఉంటాయి. మంచినీళ్ళు రెండురోజులకొకసారి పంపుతారు. పోయినేడు దిగిపోయిన చాకలి ఎర్రయ్య చెయ్యి ఊపాడు. మా ఆయన ఊపలేదు. ఎప్పుడూ పలకరించే మనిషి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. పడవల్లో అందరూ కాళ్ళు చాపుకునే ఉంటారట, ఆ మాట కూడా ఎవరో అన్నారు.

పైకి వచ్చేసరికి ఇంకో మాట పుట్టింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. గోడ ఆగాలి అన్న మనిషికే ఎంత ఇల్లు అమిరిందో చూడండి అని. నిజమే, ఇప్పుడు ఈ వరసలో ఇల్లు అనేది ఒక్కటే, అది అచ్చియ్యమ్మ పిన్నిది. గౌరునాయుడు తలుపేసుకున్నాడు. పిన్ని ఆ మాట విన్నదో లేదో. రేవుకి ఇడ్లీ రేకులు మోసుకుంటూ పోయింది.

నమోదు 6. బుధవారం

పిన్నే వచ్చి మా తలుపు కొట్టింది.

"ఒలే దాలీ, ఇల్లు ఒకటుంది గదా. అందరూ అందులోకొచ్చీండి. నా ఇంటి మనుసులని రాయించీస్తాను."

అంత తేలికైన మాట నాలుగు రోజులుగా ఒక్కరికీ తట్టలేదు. నియమాల్లో ఒక ఇంట్లో ఎంతమంది ఉండాలో లేదు. ఉన్నవాళ్ళందరూ ఒకేసారి, ఒకరి మీద ఒకరు పడకుండా, పడుకోగలగాలి. అంతే. కొలతవాళ్ళు శుక్రవారం వస్తారు.

ఈ మధ్యాహ్నం ఎలా పడుకోవాలో వేసి చూసుకున్నాం. చాపలు పక్కపక్కన పరిచి, పిల్లల్ని కిటికీ వైపు, పెద్దవాళ్ళని మధ్యలో పడుకోబెట్టాం. మా ఆయన గుమ్మం దగ్గర. పిన్ని పొయ్యి పక్కన. పట్టాం! అందరమూ పట్టాం, పైగా అటూ ఇటూ కాస్త చోటు మిగిలింది. గౌరునాయుడి భార్య ఆ మిగిలిన చోట్లో చీర కుచ్చిళ్ళు పరుచుకుని మరీ పడుకుంది. పిన్ని ఇంటి గురించి మొన్న ఆ మాట పుట్టించింది తనేనని నాకు అనుమానం. పిన్ని ఆమెకే మొదటి ఇడ్లీ పెట్టింది. ఎన్నాళ్ళకో అందరం నవ్వుకుంటూ తిన్నాం.

నమోదు 7. శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొలతవాళ్ళు ఇద్దరు వచ్చారు. మేము బుధవారం పడుకున్నట్టే ఎవరి చాపమీద వాళ్ళం పడుకున్నాం. పెద్దాయన గుమ్మంలో నిలబడి ఒకసారి అంతా చూశాడు.

"బాగానే ఉందమ్మా. ఇక కాళ్ళు చాపండి" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. చాపే ఉన్నామనుకున్నాం. ఆయన మళ్ళీ అన్నాడు. అప్పుడు తల ఎత్తి చూసుకున్నాను. ఒక్కరు కూడా తిన్నగా లేరు. హాలు నిండా మనుషులు మోకాళ్ళు కడుపులోకి లాక్కుని, చేతులు ముడుచుకుని పడుకుని ఉన్నారు. చిన్నపిల్లలు కూడా అలాగే. పడుకోమంటే మాకు తెలిసింది అదే. బుధవారం మిగిలిన చోటు అలా మిగిలింది. అంత చోటు కళ్ళముందు ఉండి కూడా చాపుకోవాలని ఒక్కరి ఒంటికీ తోచలేదు.

చాపాం. నా మోకాళ్ళు టకటకమన్నాయి. పక్కనెవరో నొప్పితో మూలిగారు. ఒక్కొక్కరూ పొడుగవుతుంటే చాపలు జరిగాయి, తలలు జరిగాయి, పిల్లలు గోడకి అతుక్కుపోయారు. ఒక వరస వల్ల ఇంకో వరస జరిగి, చివరికి ఆ జరుగుడంతా గుమ్మం దగ్గరికి వచ్చింది. మా ఆయన కాళ్ళు చాపగానే పాదాలు గడప దాటి నడవాలోకి పోయాయి. ఇంకోసారి సర్దుకున్నాం. మూడోసారి కూడా సర్దుకున్నాం. ఆ పాదాలు నడవాలోనే ఉన్నాయి.

"ఈయన బయట ఉన్నట్టే లెక్క" అన్నాడు కొలతాయన. మాటలో కోపం లేదు, దయా లేదు.

మా ఆయన నా వైపు చూశాడు. లేవడానికి మోచెయ్యి ఆనించాడు. నేనూ వస్తాను అనాల్సింది, కాళ్ళు తిన్నగా చాపుకుని పడుకునే ఉన్నాను.

అంతలో పొయ్యి దగ్గర అచ్చియ్యమ్మ పిన్ని లేచి నిలబడింది. మనుషుల మధ్య చూసి చూసి అడుగులేస్తూ గుమ్మం దాకా వచ్చింది. మా ఆయన భుజం మీద చెయ్యేసి మళ్ళీ పడుకోబెట్టింది. గడప దాటి నడవాలో నిలబడింది. పొయ్యి దగ్గర ఖాళీ అయిన చోట్లోకి ఒక్కొక్కరం జరిగాం. పాదాలు లోపలికి వచ్చాయి.

"ఇంటి యజమాని బయటికి వెళ్ళకూడదమ్మా" అన్నాడు కొలతాయన.

"ఇల్లు దాలమ్మ పేరున రాసీ బావూ."

"అప్పుడు మీకు నివాసం ఉండదు. నివాసం లేనివాళ్ళు పోటీ చెయ్యకూడదు. తెలుసా?"

పిన్ని హాలంతా చూసింది. అందరం వెల్లకిలా, కాళ్ళు తన్ని పెట్టుకుని, కదిలితే కొలత చెడుతుందని ఊపిరి బిగబట్టి ఉన్నాం. ఒక్కరమూ లేవలేదు.

"పోటీ ఏటిలే బావూ. ఆళ్ళకి కాళ్ళున్నాయి. రాసీ" అంది.

నమోదు 8. శనివారం, పోలింగు రోజు

మా వరసలో అందరికీ ఓట్లున్నాయి. మేకు గుర్తు లేదు. చీటీ మీద ఆ గుర్తు ఉండాల్సిన చోట మిగతావి పైకి జరిగాయి. క్యూలో ముందువాడు ఓటు వేసి వచ్చి ఎవరికి వేశాడో చెప్పకుండా పోయాడు, వెనకవాడు లోపలికెళ్ళి ఎంతసేపటికీ బయటికి రాలేదు. గౌరునాయుడు చీటీ పట్టుకుని మేకు ఏదీ మేకు ఏదీ అని అధికారిని అడుగుతుంటే బయటికి వినిపించింది. నేను ఎవరికీ వేయలేదు. మడత పెట్టి ఊరికే వేసి వచ్చాను.

పిన్ని నిన్ననే దిగిపోయింది. ఇడ్లీ రేకులు, ఒక సంచి. రేవు దాకా మేమంతా వెళ్ళాం. పడవ ఎక్కాక మమ్మల్ని చూసి, రేపు బేగి పోయి ఓట్లేయండి, నన్ను సూస్తూ నిలబడితే ఏటొస్తాది అంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అంత తేలిగ్గా దిగిపోయి, మమ్మల్ని ఇంత భారం కింద వదిలేసినందుకు.

నమోదు 9. ఆదివారం, గంట మోగుతుండగా

గోడలు మళ్ళీ కదిలే వేళయింది. జానెళ్ళు ఎవరివి వాళ్ళు తీసుకోవాలా అని పొద్దున మాట్లాడుకున్నాం. ఎవరూ తీసుకుంటామనలేదు. హాల్లోనే ఉన్నాం. ఇల్లు నా పేరున ఉంది కాబట్టి గంట మోగగానే గోడ నన్నే పిలిచింది.

"దాలమ్మ. ఈ రెండు రాత్రులుగా మీ ఇంట్లో నిద్రించినవారిని కొలిచాం. ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా మిగులుతోంది. పాటకు పెట్టమంటారా?"

హాలంతా చూశాను. అర్థమైనవాళ్ళు తలలు దించుకున్నారు. కొలతవాళ్ళు పోయారు, మేము మళ్ళీ ముడుచుకున్నాం. అలవాటుగా, హాయిగా, అందరమూ. పొయ్యి పక్కన ఆమె చాప మందాన ఖాళీ, ఉన్నది ఉన్నట్టు, అలాగే ఉంది. శుక్రవారం ఆమె వెళ్ళిపోయింది ఆ చోటు లేకే.

గౌరునాయుడి భార్య చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు.

"పాటకు పెట్టమంటారా?" అని గోడ మళ్ళీ అడిగింది.

పెట్టనన్నాను. ఆ చోటుకి మనిషి ఉందన్నాను. ఖాళీ చోటుకి ఇంటి యజమాని మనిషిని తెచ్చుకోవచ్చు, ఆ నియమమూ ఉంది. ఈసారి నియమం ముందే గుర్తొచ్చింది. గోడ పేరు అడిగింది, చెప్పాను. ప్రస్తుత నివాసం అడిగింది, బయటి పడవలన్నాను. గంట ఆగేలోపు మనిషి గడప లోపల ఉండాలి, లేకపోతే గోడ జరుగుతుంది అంది.

మా ఆయన అప్పటికే నడవాలో ఉన్నాడు. అంత పొడుగు మనిషి పరుగెత్తడం ఎప్పుడూ చూడలేదు. ఇరుకు నడవాలో మోచేతులు రెండు గోడలకీ కొట్టుకుంటూ పోయాడు.

పోయే ముందు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి మా అందరితో ఒక మాటన్నాడు. "నానొచ్చేదాకా ఎవులూ కాళ్ళు సాపకండి."

అందుకని ఇది ముడుచుకుని రాస్తున్నాను. అందరమూ మోకాళ్ళు కడుపులోకి లాక్కుని, ఈసారి తెలిసే, పొయ్యి పక్క చోటుకి కాపలాగా పడుకున్నాం. గంట ఇంకా మోగుతోంది. మెట్లమీద ఇడ్లీ రేకుల చప్పుడు వినిపిస్తోందని పిల్లలంటున్నారు. నాకింకా వినిపించడం లేదు.